పైప్ క్లీనర్లతో బతుకమ్మ: తీగ కొసలు పిల్లలకు గుచ్చుకోకుండా మీరేం చేస్తున్నారు?

స్వర్ణ_హనుమకొండ
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు పిల్లలతో క్రాఫ్ట్ చేయిస్తుంటాను. పదకొండు మంది వస్తారు, నాలుగేళ్ల నుంచి పదేళ్ల దాకా. ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకా మూడు వారాలుంది కదా, ఈసారి పైప్ క్లీనర్లతో, అంటే క్రాఫ్ట్‌కి వాడే మెత్తటి నూగు తీగలతో, బతుకమ్మ పేరుద్దామని మొదలుపెట్టాం. గునుగుకు తెల్ల తీగలు, తంగేడుకు పసుపు తీగలు. తీగను చుట్టి కొంచెం నిమిరితే అచ్చం గునుగు పువ్వే. పిల్లలు ఇంటికి పొమ్మన్నా పోలేదు.

అయితే ఇవాళ ఒక ఆరేళ్ల పాప తను చేసిన పువ్వు నాకు చూపిద్దామని గబుక్కున వెనక్కి తిరిగింది. పక్కన కూర్చున్న బాబు చెంప మీద తీగ కొస గీసుకుపోయింది. అర అంగుళం గీత, ఒక రక్తపు చుక్క. కానీ కంటికి వేలెడు దూరంలో. వాళ్లమ్మ "పిల్లలన్నాక తప్పదులే స్వర్ణా" అని ఊరుకుంది. నాకే పొద్దుటి నుంచి మనసు మనసులో లేదు. పాప కూడా బిక్కమొహం వేసుకుని ఇంటికి వెళ్లింది.

కొసలను మీరు ఏం చేస్తారు? టేపు చుట్టి చూశాను, పావుగంటలో ఊడిపోతోంది. కత్తెరతో కోస్తే కత్తెర పాడవుతోంది, ముక్కలు ఎగురుతున్నాయి. అసలు నాలుగేళ్ల పిల్లలకు ఇవి ఇవ్వొచ్చా? ఇంకా 2 ఆదివారాలే ఉన్నాయి, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పద్మజ_గుంటూరు
ఆదివారం, రాత్రి 10:15

స్వర్ణా, మీరు బాధపడటం సహజం, కానీ దీనికి మార్గం ఉంది. నేను ఏడేళ్లుగా సంక్రాంతి బొమ్మల కొలువుకి వీటితోనే కోళ్లు, ఎద్దులు, తోరణాలు చేస్తున్నాను. నా పద్ధతి ఒకటే: కొసల పని అయ్యాకే తీగ పిల్లల చేతికి వెళ్తుంది.

టేపు నిలవదు. నూగు మీద జిగురు పట్టదు కదా. కొసను మడవాలి, అదీ వేళ్లతో కాదు. వేళ్లతో మడిస్తే కొస సగం తెరుచుకుని గాలంలా ఉండిపోతుంది. అది ఊలు స్వెట్టర్‌కి, జుట్టుకి పట్టుకుని ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. నోస్ ప్లయర్ తీసుకోండి. కొస నుంచి సెంటీమీటరు దగ్గర పట్టి వెనక్కి మడవండి. తర్వాత ఆ మడతను ప్లయర్ నోట్లో పెట్టి గట్టిగా నొక్కండి, రెండు తీగలూ ఒకదానికొకటి అంటుకుపోవాలి. చివరగా బొటనవేలితో నూగును మడత మీదికి దువ్వండి. కొస ఎక్కడుందో మీకే కనబడకూడదు.

వంద తీగల కట్టకి రెండు వందల కొసలు. రాత్రి టీవీ చూస్తూ కూర్చుంటే నాకు ముప్పావు గంట పడుతుంది.

మడత బాగా పడిందో లేదో చూడటానికి దూది వాడతాను. కొస మీద దూది ఉండను మెల్లిగా లాగితే ఒక్క పోగు కూడా తెగకూడదు. పోగు పట్టిందంటే తీగ ఎక్కడో బయటికి చూస్తోందని అర్థం.

రాజు_వైండింగ్_రాజమండ్రి
ఆదివారం, రాత్రి 10:50

నేను మోటార్ వైండింగ్ చేస్తాను, తీగతోనే బతుకు. మా పాప స్కూలు ప్రాజెక్టుల పుణ్యమా అని ఇవి కూడా బాగా తెలిశాయి. అసలు ఇది ఎందుకు గుచ్చుకుంటుందో చెప్తాను.

పైప్ క్లీనర్‌లో ఉన్నది ఒక తీగ కాదు, రెండు. రెండు సన్నని ఇనుప తీగల మధ్య నూలు గానీ పాలిస్టర్ గానీ పోగులు అడ్డంగా పెట్టి, ఆ రెంటినీ కలిపి మెలి తిప్పుతారు. పోగులు ఆ మెలికలో బిగుసుకుని చుట్టూ విచ్చుకుంటాయి. పాలసీసా కడిగే బ్రష్ చూడండి, అదీ ఇదే తయారీ. పొగాకు పైపు గొట్టం లోపల మసి తుడవడానికి వచ్చిన వస్తువు కాబట్టి ఆ పేరు. క్రాఫ్ట్‌కి అమ్మేదాన్ని కొన్ని ప్యాకెట్ల మీద షెనీల్ అంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకి గొంగళిపురుగు అని అర్థం. చూస్తే నిజంగా అలాగే ఉంటుంది.

కోసినప్పుడు రెండు తీగల కొసలూ ఏటవాలుగా తెగి, మెలి వదులై, పాము నాలుకలా విడిపోతాయి. పైన నూగు మెత్తగా ఉంటుంది కాబట్టి పిల్లలు అక్కడ పదును ఉందని ఊహించరు. సూదిని చూస్తే వాళ్లే జాగ్రత్తపడతారు, దీన్ని చూస్తే చెంపకి రాసుకుంటారు.

కోయడానికి కత్తెర వద్దు, అంచు మీద గాట్లు పడతాయి. ఎలక్ట్రికల్ షాపులో నిప్పర్ దొరుకుతుంది, అది చాలు. కోసేటప్పుడు రెండు వైపులా పట్టుకోండి. పొట్టి ముక్క కోయాల్సి వస్తే తీగను స్టీలు డబ్బాలోకి వంచి కోయండి, ముక్క టంగున డబ్బాలోనే పడుతుంది. కళ్లజోడు ఉంటే పెట్టుకోండి. పిల్లల చేత మాత్రం కోయించవద్దు.

ఇంకో మాట. మనం ఇళ్లలో చెప్పుల్లేకుండా తిరుగుతాం. పాకే పిల్లలుంటే నేల మీద దొరికింది నోట్లో పెట్టుకుంటారు. అర అంగుళం ముక్క చీపురుకి అందదు, చాప అల్లికలో ఇరుక్కుంటుంది. పాత స్పీకర్‌లోంచి అయస్కాంతం తీసి, దానికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి నేలంతా ఒకసారి తిప్పండి. ఇనుప ముక్కలన్నీ ఎగిరొచ్చి అంటుకుంటాయి. తర్వాత కవరు తిరగేసి తీసేస్తే ముక్కలన్నీ అందులోనే. మీ కట్టలో తీగ అయస్కాంతానికి అంటుతుందో లేదో ముందు ఒకటి పెట్టి చూడండి.

స్వర్ణ_హనుమకొండ
ఆదివారం, రాత్రి 11:05

రాజుగారూ, మా హాల్లో వేసింది చాపే! ఇప్పుడే ఫ్రిజ్ మీది అయస్కాంతంతో చూశాను. రెండు ముక్కలు దొరికాయి. ఒకటి సరిగ్గా బాబు కూర్చున్న చోట. పద్మజక్కా, ప్లయర్ రేపే కొంటాను.

కిరణ్_నాన్న
సోమవారం, ఉదయం 7:20

నా అభిప్రాయం వేరు. మేం చిన్నప్పుడు కొబ్బరి ఈనెలతో, తాటాకులతో, ముళ్ల కంపతో ఆడుకున్నాం. గుచ్చుకునేది, జాగ్రత్త నేర్చుకునేవాళ్లం. ప్రతి కొసా మనమే మడిచి ఇస్తే పిల్లలకి చెయ్యి కుదిరేదెప్పుడు? కొంచెం దెబ్బ తగలనివ్వండి.

సిస్టర్_విజయవాడ
సోమవారం, ఉదయం 8:05

కిరణ్ గారూ, వేలికి గుచ్చుకుంటే మీ మాట ఒప్పుకుంటాను. వేలు నాలుగు రోజుల్లో మానుతుంది. కంటి నల్లగుడ్డు మీది గీత అలా కాదు, మచ్చ పడితే చూపు మసకబారుతుంది. పైగా కొబ్బరి ఈనె గట్టిగా తగిలితే వంగుతుంది, విరుగుతుంది. మెలి తిప్పిన ఇనుప తీగ కొస అలా విరగదు, లోపలికి దిగొచ్చు. స్వర్ణ గారి విషయంలో పువ్వు పట్టుకున్న పాపకి ఏమీ కాలేదు, పక్కవాడికి తగిలింది. తన తప్పు నుంచి తను నేర్చుకోవడం అక్కడ వర్తించదు.

నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. గీసుకుంటే ఏం చేయాలో చెప్తాను. పంపు కింద సబ్బు నీళ్లతో కడగండి. పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్ట్ ఏవీ పెట్టవద్దు. రక్తం ఆగకపోతే శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకోండి. తర్వాత ధనుర్వాతం టీకాలు పడ్డాయో లేదో టీకాల కార్డు తీసి చూడండి. మన జాతీయ పట్టికలో అయిదారేళ్లకు డీపీటీ రెండో బూస్టర్, పదేళ్లకు ఒకటి, పదహారేళ్లకు ఒకటి టీడీ ఉంటాయి. తప్పిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. అనుమానం ఉంటే ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.

కంటికి తగిలితే నలపనివ్వవద్దు, చుక్కల మందు సొంతంగా వేయవద్దు. తీగ కంట్లో దిగి ఉంటే మీరు లాగవద్దు. కాగితపు కప్పు బోర్లించి, కన్ను మీద బరువు పడకుండా అంచుల దగ్గర టేపు వేసి నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పిల్లవాడు "ఇప్పుడు బాగానే ఉంది" అన్నా సరే, వెలుతురు చూడలేకపోతున్నా, నీరు కారుతున్నా చూపించాల్సిందే.

పిల్లలు ఉంగరంలా వేలికి చుట్టుకుంటారు, అది కూడా చూడండి. రెండు చుట్లు బిగుతుగా చుట్టి మర్చిపోతే వేలు వాచి తీగ లోపలికి కోసుకుంటుంది. ఉంగరం కావాలంటే వదులుగా, వేలి కణుపు దాటి సులువుగా జారేలా చేయించండి.

కిరణ్_నాన్న
సోమవారం, ఉదయం 8:30

పక్కవాడి మాట నేను ఆలోచించలేదు సిస్టర్. మీరు చెప్పింది నిజం. అయితే ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి ప్లయర్ ఇచ్చి కొస మడవడం వాళ్లకే నేర్పితే? అప్పుడు చెయ్యీ కుదురుతుంది, జాగ్రత్తా అబ్బుతుంది.

పద్మజ_గుంటూరు
సోమవారం, ఉదయం 9:10

ఇది చాలా మంచి మాట కిరణ్. మా కొలువు దగ్గర పెద్ద పిల్లలు మడుస్తారు, చిన్నవాళ్లు దూదితో పరీక్ష చేస్తారు. చిన్నవాళ్లకి ఆ అధికారం భలే ఇష్టం. "అక్కా, ఇది ఫెయిల్" అని వెనక్కి ఇచ్చేస్తారు!

సిద్దిపేట_పెద్దమ్మ
సోమవారం, మధ్యాహ్నం 2:30

బిడ్డా స్వర్ణా, గునుగు చేసే తీరు చెప్తా. నేను నా మనవరాండ్లతో రెండేండ్ల సంది చేయిస్తున్న. కొసలు మడవడం మంచిదే. కొసే బయటికి రాకుండ కట్టుకుంటే ఇంకా మంచిది.

కాడకు ఒక ఆకుపచ్చ తీగ తీసుకొని సరిగ్గా నడిమికి మడువు. మడత గుండ్రంగ పైకి ఉండాలె, రెండు కొసలూ కిందికి పోవాలె. అంటే పువ్వు తలకాయ మీద కొస అన్నదే లేదు. ఇగ తెల్ల తీగ మొదలు ఆ మడత సందులో దూర్చి బిగించు. అక్కడి నుంచి కిందికి దగ్గర దగ్గరగా చుట్టుకుంట రా. పైన బిగుతుగా, కిందికి వచ్చేకొద్ది కొంచెం వదులుగా. గునుగు కొన సన్నగా ఉంటది కదా, ఆ ఆకారం అట్లనే వస్తది. అయిపోయినంక తెల్ల తీగ చివరను కాడ రెండు పోగుల నడుమ దోపి మెలి పెట్టు. కొన దగ్గర ఒక్క చుట్టు గులాబి రంగు తీగ కలిపితే ఇంక అచ్చం చెల్కల పూసిన గునుగే.

కాడ కింది కొసలు రెండూ తాంబాళం లోపలికి పోతయి. మేము తడి మట్టి ముద్దలో గుచ్చుతం, మట్టి ఆరినంక కదలదు. పిల్లలకు తాకేది మెత్తటి తలకాయే. గుమ్మడి ఆకు మాత్రం నిజందే పరుస్తం, కింద మట్టి కనబడకుండ.

ఒక్క మాట మర్చిపోకు. ఈ బతుకమ్మను చెరువులో వేయొద్దు. గునుగు, తంగేడు, గుమ్మడి, బంతి నీళ్లల్ల పడితే నీళ్లల్లనే కలిసిపోతయి. అందుకే మనం సాగనంపుతం. ఈ నూగు ప్లాస్టిక్, లోపల ఇనుము. చేపలు మింగుతయి, చెరువుల కాలుపెట్టినోళ్లకు గుచ్చుకుంటది. తీగ బతుకమ్మ ఇంట్ల అలంకారానికి. సద్దుల నాడు చెరువుకు పోయేది పూల బతుకమ్మే.

స్వర్ణ_హనుమకొండ
సోమవారం, సాయంత్రం 4:00

పెద్దమ్మా, మీ కాళ్లకు దండం. నడిమికి మడిచే ఆలోచన నాకు తట్టనే లేదు. ఇప్పుడే ఒకటి చేసి చెంపకి రాసుకుని చూశాను, ఎక్కడా గుచ్చుకోలేదు. చెరువు సంగతి కూడా పిల్లలకి చెప్తాను, ఒక బాబు అప్పుడే "నిమజ్జనం ఎప్పుడు?" అని అడిగాడు.

అనూష_డాలస్
సోమవారం, రాత్రి 11:50

ఇక్కడ స్కూళ్లలో వీటిని కిండర్‌గార్టెన్ నుంచే ఇస్తారు. ఇక్కడ గునుగు దొరకదు కాబట్టి పోయినేడాది మా పిల్లలు ఇలాగే చేశారు, పెద్దమ్మగారి పద్ధతి తెలిసి ఉంటే ఎంత బాగుండేదో.

నేను ఆదివారం తెలుగు క్లాసులో వీటిని ఇంకోలా వాడతాను. మన అక్షరాలు గుండ్రం కదా, తీగ తనంతట తానే వంగుతుంది. ఇంగ్లీషు అక్షరాలకి మూలలు తిప్పడం కష్టం, తెలుగుకి కాదు. ఒక తీగతో 'ర' చేయిస్తాను: సున్నా చుట్టి, కొస లోపలికి దోపి, పైన తలకట్టు. అసలు సరదా గుణింతంలో ఉంది. 'క' ఒక్కటి నీలం తీగతో చేసి బల్ల మీద పెడతాం. గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం ఎర్ర తీగతో చిన్న చిన్నవి విడిగా చేస్తాం. ఎర్ర ముక్క మారుస్తుంటే కి, కు, కె, కొ అని పిల్లలు అరుస్తారు. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పుస్తకంలో నెలరోజులు చెప్పినా పట్టుకోని బాబు, కొస మెలిక వేలితో తడిమి ఒక్క రోజులో పట్టుకున్నాడు.

ఆ ఎర్ర ముక్కలు రెండంగుళాలే కాబట్టి రెండు కొసలూ ఖచ్చితంగా మడవాలి. ఇక్కడ ప్యాకెట్ల మీద మూడేళ్లలోపు పిల్లలకి వద్దని ఉంటుంది. పూసలు, అతికించే కళ్లు కలిపి వాడితే గొంతులో అడ్డం పడతాయి. మా క్లాసులో నాలుగేళ్ల వాళ్లకి పొడవు తీగే ఇస్తాను, ఏదీ కోసి ఇవ్వను, పక్కన ఒక అమ్మ గానీ నాన్న గానీ కూర్చుంటారు.

లక్ష్మి_వైజాగ్
మంగళవారం, ఉదయం 10:20

నేను ఆన్‌లైన్‌లో కట్ట తెప్పించుకున్నాను, ఎర్ర రంగు చేతికి అంటుతోంది. తెల్లటి బొమ్మ మీద మరక పడింది. వాపసు అడిగితే తీసుకోలేదు. పైగా వాసన. ఇలాంటివి ఎలా గుర్తుపట్టాలి? ఇంకో ప్రశ్న, మా బాబు సిప్పర్ స్ట్రా లోపల నల్లగా పట్టింది, వీటితో తోమొచ్చా?

పద్మజ_గుంటూరు
మంగళవారం, ఉదయం 11:00

లక్ష్మీ, స్ట్రాకి మాత్రం వద్దు. క్రాఫ్ట్ తీగ నూగు లోపల రాలుతుంది, రంగు దిగుతుంది, కొస స్ట్రాని గీస్తుంది. దానికి విడిగా నైలాన్ స్ట్రా బ్రష్ దొరుకుతుంది.

కొత్త కట్ట రాగానే తడిపిన తెల్ల గుడ్డతో ఎర్ర, నీలం, నల్ల తీగలు రుద్ది చూడండి. రంగు దిగితే చిన్న పిల్లలకి ఇవ్వవద్దు, నోట్లో పెట్టుకుంటారు. తీగను రెండు వేళ్ల మధ్య లాగితే నూగు కుప్పగా రాలకూడదు. దొరికితే కొట్టుకి వెళ్లి చేత్తో చూసి కొనుక్కోండి. హైదరాబాద్‌లో బేగంబజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్, విజయవాడలో వన్‌టౌన్ వైపు ఫ్యాన్సీ సామాన్ల కొట్లలో చూడండి. కొట్టువాడికి 'పైప్ క్లీనర్' అంటే తెలియకపోతే 'క్రాఫ్ట్‌కి వాడే బొచ్చు తీగ' అనండి. ఆట వస్తువుల కిట్‌గా పెట్టెలో అమ్మేదైతే ఐఎస్ఐ ముద్ర వెతకండి. 2021 జనవరి నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకి అది తప్పనిసరి.

తళతళలాడే జరీ రకం పిల్లలకి కొనవద్దు. మెత్తటి నూగు ఉండదు, ఆ రేకు పోగులే చేతికి గరుగ్గా తగులుతాయి. వాడితే పెద్దవాళ్లు కొలువు అలంకారానికి వాడుకోవాలి.

మణి_నెల్లూరు
మంగళవారం, సాయంత్రం 6:45

ఒక అనుభవం చెప్పాలి, చదువుతుంటే ఊరుకోలేకపోయాను. రెండేళ్ల కింద వరలక్ష్మీ వ్రతానికి పైప్ క్లీనర్లతో తామరలు చేసి కలశం చుట్టూ పెట్టాను. చాలా అందంగా వచ్చాయి, అందరూ ఫొటోలు తీసుకున్నారు. సాయంత్రం దీపారాధన చేసి వంటింట్లోకి వెళ్లాను. ఫ్యాను గాలికి దీపం వాలి ఒక రేకుకి తగిలినట్టుంది. నూగు మండలేదు, ముందు ముడుచుకుని కరిగింది, నల్లటి చుక్కలుగా చీర అంచు మీద పడింది. అమ్మవారికి కట్టిన పట్టుచీర. వాసన వచ్చి పరిగెత్తాను కాబట్టి అక్కడితో ఆగింది. ఆర్పేటప్పుడు చేత్తో పట్టుకుంటే తీగ ఇనుము కదా, కాలిపోతోంది. వేళ్లు బొబ్బలెక్కాయి.

పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. దీపానికి, అగరొత్తులకి, కర్పూర హారతికి దగ్గరలో వీటిని దయచేసి పెట్టవద్దు. నేనిప్పుడు మూరెడు దూరం కూడా చాలదనుకుని వెనక గోడకే పెడుతున్నాను.

సిస్టర్_విజయవాడ
మంగళవారం, రాత్రి 8:30

మణిగారూ, చెప్పి మంచి పని చేశారు. కాలినప్పుడు అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది: ఇరవై నిమిషాలు పంపు నీళ్ల కింద. ఐసు వద్దు. చర్మానికి అంటుకున్నది పీకవద్దు, డాక్టర్ తీస్తారు. గ్లూ గన్ జిగురు విషయం కూడా ఇంతే. తీగ మీద వేడి జిగురు వేస్తే వేడి తీగ వెంట పాకుతుంది, రెండంగుళాల అవతల పట్టుకోండి. గన్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

పువ్వుల మధ్య బ్యాటరీ లైట్లు పెట్టేవాళ్లకి ఒక హెచ్చరిక. గుండీలాంటి బ్యాటరీ పిల్లవాడు మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే కాల్చేయడం మొదలవుతుంది. వాంతి చేయించవద్దు, ఎదురు చూడవద్దు. ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే పరుగెత్తండి. తీగ ముక్క మింగారని అనుమానం వచ్చినా అంతే. స్క్రూతో బిగించే మూత ఉన్న లైట్లే కొనండి.

రాజు_వైండింగ్_రాజమండ్రి
మంగళవారం, రాత్రి 9:15

కరెంటు మాట నేను చెప్తాను. కొత్త ఫ్లాట్లలో సాకెట్లు నేల నుంచి అడుగు ఎత్తులో ఉంటున్నాయి. పైప్ క్లీనర్ మందం సాకెట్ రంధ్రంలోకి సరిగ్గా దూరుతుంది. నూగు ఉంది కదా, కొట్టదు అనుకుంటారు. కొస దగ్గర ఇనుము బయటే ఉంది, 230 వోల్టులు. బోర్డులో ఎంసీబీ స్విచ్ ఉంది కదా అనకండి. అది ఎక్కువ లోడు, షార్ట్ సర్క్యూట్ చూసుకుంటుంది గానీ మనిషికి షాక్ కొడితే పడాలనేమీ లేదు. దానికి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ ఉండాలి. మీటర్ బోర్డు దగ్గర 'టెస్ట్' బటన్ ఉన్న పెట్టె ఉందో లేదో చూడండి, ఉంటే అప్పుడప్పుడు నొక్కి పడుతుందో లేదో చూసుకోండి. పిల్లలు కూర్చునే గదిలో సాకెట్ స్విచ్చులు ఆపి, రంధ్రాలకి మూతలు పెట్టండి.

పండగ సీరియల్ బల్బుల దండకి ఇవి చుట్టడం నేను కళ్లారా చూశాను. చుట్టి మెలి పెడితే కొస వైరు తొడుగులోకి దిగుతుంది. తర్వాత ఆ పువ్వంతా కరెంటే. దయచేసి ఎవరూ చేయవద్దు.

సుధ_మాస్టారి_భార్య
బుధవారం, ఉదయం 6:50

పోయినేడాది తీగలు దాచుకుని మళ్లీ వాడేవాళ్లు నడుమ భాగం కూడా చూడండి. ఒకేచోట పదేపదే వంచి సాపు చేస్తే తీగ అలిసి అక్కడ విరుగుతుంది. పైన నూగు అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి విరిగినట్టు కనబడదు. మా మనవడికి అలాగే అరచేతిలో దిగింది. వేళ్లతో చివరిదాకా తడుముతూ వస్తే మెతగ్గా ఊగే చోటు తెలుస్తుంది, అక్కడ కోసి పారేయండి. తడి తగిలితే లోపల తుప్పు కూడా పడుతుంది, ముందు నూగు మొదట్లో గోధుమ రంగు వస్తుంది.

మా ఆయన బడిలో పటిక స్ఫటికాలు చేయిస్తారు. పైప్ క్లీనర్‌ని నక్షత్రంలా వంచి, వేడి నీళ్లలో కరిగినంత పటిక కలిపి, దారంతో వేలాడదీస్తే తెల్లారేసరికి నూగంతా మెరుస్తుంది. ఒక్క రాత్రి చాలు, ఎక్కువ ఉంచితే తీగ తుప్పు పట్టి మరక దిగుతుంది. వేడి నీళ్ల పని పెద్దవాళ్లదే. వెలిగారంతో (బోరాక్స్) కూడా వస్తుంది గానీ అది కడుపులోకి పోతే మంచిది కాదు, పిల్లల దగ్గర పటికే మేలు.

హర్ష_కర్నూలు
బుధవారం, ఉదయం 9:00

పిల్లి ఉన్నవాళ్లు రాత్రి డబ్బాలో పెట్టి మూత బిగించండి. మా పిల్లి వీటిని కొరికి మింగింది, ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు బాగుంది.

స్వర్ణ_హనుమకొండ
తర్వాతి ఆదివారం, రాత్రి 8:30

అందరికీ ఏమని చెప్పాలో తెలియడం లేదు. ఇవాళ్టి క్లాసు సంగతి రాస్తున్నాను.

శుక్రవారం రాత్రి నేను, మావారు కూర్చుని రెండు కట్టల కొసలు మడిచాం. పాత కట్టలో మూడు తీగలు నడుమ మెతగ్గా ఉంటే తీసేశాం. చాప ఎత్తేసి ముదురు రంగు దుప్పటి పరిచాను, తెల్ల ముక్క పడితే కనబడుతుంది. టీవీ కింది సాకెట్లకి మూతలు పెట్టాను. పిల్లల్ని మూరెడు మూరెడు ఎడంగా, గోడకి ఆనించి కూర్చోబెట్టాను. లేచేటప్పుడు చేతిలో పువ్వు కింద పెట్టి లేవాలన్నది ఒకటే షరతు. నాలుగేళ్ల ఇద్దరికీ వాళ్ల అమ్మలు పక్కన కూర్చున్నారు. వాళ్లకి పొడవు పసుపు తీగలు ఇచ్చి తంగేడు గుత్తికి చుట్టలు చేయించాం.

తొమ్మిదేళ్ల ముగ్గురు ప్లయర్ పట్టారు. కిరణ్ గారూ, మొదటి పది మడతలూ గాలాల్లాగే వచ్చాయి. ఎవరినీ తిట్టలేదు, దూది పిల్లలే వెనక్కి పంపారు. అరగంట తర్వాత పంపడానికి ఏమీ దొరకలేదు.

ముప్పై ఎనిమిది గునుగులు అయ్యాయి, పెద్దమ్మ చెప్పినట్టే, మడత పైకి, కొసలు కిందికి. క్లాసయ్యాక అయస్కాంతం తిప్పితే ఒక్కటే ముక్క దొరికింది, అదీ నేను కోసిందే.

పోయిన వారం బిక్కమొహంతో వెళ్లిన పాప ఇవాళ ముందు రానంది. వాళ్లమ్మ నచ్చజెప్పి తీసుకొచ్చింది. దూది తనకే ఇచ్చాను. ప్రతి పువ్వునీ కింది నుంచి పైదాకా దూదితో తుడిచి, తర్వాత తన చెంపకి ఆనించుకుని చూసి, అప్పుడే పళ్లెంలో పెట్టింది. చివరికి ఒక పువ్వు తీసుకుని ఆ బాబు దగ్గరికెళ్లి, "నువ్వు చూడు, గుచ్చుకోదు" అంది. వాడు చెంప చూపించాడు.

సిద్దిపేట_పెద్దమ్మ
సోమవారం, ఉదయం 6:10

చల్లగుండాలె పిల్లలు. బిడ్డా, మట్టి ముద్ద మూడు రోజుల ముందే చేసి నీడల పెట్టు. పగుళ్లు వస్తే కొంచెం తడి గుడ్డ కప్పు. తంగేడు వరుస కింద, గునుగు పైన. ఫొటో పెట్టు, చూస్త.